నాలుగు మైకుల పెట్టె

నా పెళ్ళినాటి బొచ్చు కోటు అమ్మేసి ఆడియో ఇంటర్‌ఫేస్ కొనుక్కున్నానని మా కొండల ఊరు నారిన్‌లో ఇప్పటికీ కొందరు చెప్పుకుని నవ్వుకుంటారు. నిజమే, అమ్మాను. ఆ కోటు పెట్టిన మనిషిని అప్పటికే వదిలేశాను కాబట్టి దాని మీద నాకు మమకారం లేదు. చలి అంటే మాత్రం భయం ఉండేది. ఆ చలికాలం గడిచేసరికి అదీ పోయింది.

పుట్టింటికి తిరిగొచ్చాక పెరట్లో బంగాళాదుంపలు నిలవ చేసే గదిని స్టూడియో చేసుకున్నాను. గోడలకి పాత బొంతలు కొట్టాను. కిటికీకి ఉన్ని తివాచీ అడ్డం కట్టాను. పెళ్ళిళ్ళలో పాడేవాళ్ళు, కొట్టు ప్రారంభానికి ప్రకటన చదివించుకునేవాళ్ళు వచ్చిపోయేవారు. వాళ్ళ బూట్లకంటిన మట్టిని తిట్టుకుంటూ, వాళ్ళ గొంతుల్ని సరిచేస్తూ నా బతుకు నేను బతుకుతున్నాను. అక్టోబరులో ఒకరోజు కరెంటు పోయి, ఎక్కువ వోల్టేజితో తిరిగొచ్చి నా పాత ఇంటర్‌ఫేస్‌ని కాల్చేసింది. మైకుకీ కంప్యూటరుకీ మధ్య కూర్చుని, మనిషి గొంతు కంప్యూటరుకి అర్థమయ్యేలా చేసే పెట్టె అది. అది లేకపోతే మైకు ఉత్త ఇనపముక్క. కొత్తది ఎక్కడ కొనాలా అని ఆలోచిస్తున్న ఆ వారంలోనే మా నాన్న పోయాడు.

నాన్న డోలోన్ కనుమ మీద మంచు తోసే బండి నడిపేవాడు. ఆయన పోయాక వాకిట్లో ఆనవాయితీ ప్రకారం ఉన్ని గుడారం వేశారు, శవాన్ని అందులో ఉంచారు. ఆడవాళ్ళు నల్లబట్టలు కట్టుకుని, గోడ వైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని పాడాల్సిన పాట ఒకటుంది. దాన్ని కోషోక్ అంటాం. పోయినవాడు ఎలాంటివాడో, ఏం చేశాడో, ఎవర్ని ఎలా వదిలిపోయాడో అప్పటికప్పుడు కట్టి గొంతెత్తి పాడతారు. ఊళ్ళో ఎవరింట్లో చావు జరిగినా ముందు కబురొచ్చేది మా అమ్మ కల్బూబూకే.

తన మొగుడికి మాత్రం అమ్మ ఒక్క ముక్క పాడలేదు. నా తమ్ముడు ఉలార్ పాడనివ్వలేదు. గొంతెత్తి ఏడిస్తే పోయినవాళ్ళకి సమాధిలో శిక్ష పడుతుందని వాడు ఎక్కడో విన్నాడు, గట్టిగా నమ్మాడు. గుడారం దగ్గరికొచ్చి గొంతెత్తబోయిన ప్రతి ఆడమనిషికీ ఎదురెళ్ళి, "ఈ ఇంట్లో కోషోక్ లేదు పిన్నీ, ప్రార్థన చేసుకోండి" అని చెప్పాడు. మా దగ్గర ఇల్లు ఆఖరి కొడుక్కి చెందుతుంది. ఆ ఆఖరి కొడుకు వాడే. ఎవరేం అనగలరు? అమ్మ లోపల గోడ వైపు తిరిగి నోరు మూసుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి ఆమె గొంతు బొంగురుపోయింది. టీ కావాలని అడిగినా రెండోసారి అడిగితేనే వినపడేది.

మొదటి మంచు పడిన మర్నాడు అమ్మ నా స్టూడియో గదిలోకి వచ్చింది. అంతకుముందు బంగాళాదుంపల కోసం తప్ప ఆ గదిలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు.

"పాటలు పట్టే పెట్టె బాగైందా?" అంది.

"అది కాలిపోయిందిగా అమ్మా. కొత్తది కొనాలి."

"కొను మరి. నాకు దాంతో పనుంది."

నేను ఆమె మొహంలోకి చూశాను.

"మీ నాన్న కోషోక్ నా కడుపులోనే ఉండిపోయింది," అంది అమ్మ. "తిన్నది అరగడం లేదు. అనీపానీ సబీరానీ పిలుస్తాను. ముగ్గురం పాడతాం. పాడింది పాడినట్టు నువ్వు పట్టిపెట్టు."

అనీపా మా మేనత్త, నాన్న చెల్లెలు. సబీరా మా పిన్ని, అమ్మ చెల్లెలు. ఇద్దరూ నది అవతల పక్కపక్క ఇళ్ళలో ఉంటారు, రోజూ పోట్లాడుకుంటారు.

"ఉలార్‌కి తెలిస్తే?" అన్నాను.

"వాడికి తెలియకుండా వాణ్ణి కన్నానా? తెలియనీ."

కొత్త పెట్టె కొనేముందు ఒకసారి అనీపా అత్త ఇంట్లో ముగ్గుర్నీ కూర్చోబెట్టి ఫోన్‌లో పట్టి చూశాను. తిరిగి వినిపిస్తే అనీపా అత్త ఒక్కతే పాడుతున్నట్టుంది. ఆమె గొంతుకి కొండ అవతల మేసే గొర్రెలు కూడా వెనక్కి తిరిగొస్తాయి. అమ్మ గొంతు ఆ కేకల అడుగున ఎక్కడో గాలి కదిలినట్టు వినపడీ వినపడనట్టుంది.

"నన్నేం చేయమంటారు? దేవుడు ఇలా చేసి పంపాడు," అంది అనీపా అత్త.

"దేవుడు గొంతిచ్చాడు సరే, తగ్గించుకునే బుద్ధి కూడా ఇచ్చి ఉండాల్సింది," అంది సబీరా పిన్ని.

నేను నాకు తెలిసిన ఉపాయం చెప్పాను. "ముగ్గురూ విడివిడిగా పాడండి. చెవులకి హెడ్‌ఫోన్స్ పెడతాను, ఒకరు పాడింది ఇంకొకరు వింటూ పాడొచ్చు. తర్వాత నేను మూడింటినీ కలుపుతాను. ఇప్పుడందరూ అలాగే చేస్తారు. దానికి చిన్న పెట్టె చాలు."

"నాకు ఊపిరి అయిపోయిన చోట సబీరా అందుకుంటుంది," అంది అమ్మ. "ఎక్కడ అందుకోబోతోందో నా భుజానికి తెలుస్తుంది. నీ హెడ్‌ఫోన్‌లో భుజం ఉంటుందా?"

ముగ్గురూ భుజాలు ఆనించుకుని ఒకేసారి పాడాలి. ఎవరి మైకు వాళ్ళ మూతి దగ్గర ఉండాలి. అంటే రెండు మైకుల పెట్టె పనికిరాదు. అలా నేను కోటు చంకన పెట్టుకుని రాజధాని బిష్కెక్ వెళ్ళాను. ఉలార్ ఆ దారిలోనే మినీబస్సు నడుపుతాడు కాబట్టి, పక్కవీధి వాళ్ళ కారులో గొర్రెతోళ్ళ మూటల మధ్య కూర్చుని వెళ్ళాను.

కోటు బజారులో ఇట్టే పోయింది. ఆ చలిలో ఒట్టి స్వెట్టర్‌తో కుబాన్ కొట్టు మెట్లు దిగాను. కుబాన్ ఒకప్పుడు గిటార్ వాయించేవాడు. ఇప్పుడు ఒక అపార్ట్‌మెంటు కింద నేలమాళిగలో కొత్తవీ వాడినవీ సంగీతం సామాన్లు అమ్ముతాడు. ఎవరి గొంతుకి ఏది సరిపోతుందో తనకి తెలిసినట్టు ఎవరికీ తెలియదని అతని నమ్మకం.

"ఏం రికార్డు చేస్తావు చెల్లీ?"

"ముగ్గురు ముసలమ్మల్ని. ఒకేసారి."

"జానపదమా?"

"ఏడుపు."

అతను నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు. అద్దాల బీరువాలోంచి ఎర్రటి చిన్న పెట్టె తీసి నా ముందు పెట్టాడు. ముద్దుగా ఉంది, నిజం చెప్పొద్దూ.

"దేశమంతా ఇదే కొంటున్నారు. రెండు మైకులు. లాప్‌టాప్ కరెంటుతో నడుస్తుంది. ఆడపిల్ల బ్యాగులో పడుతుంది."

"నా బ్యాగు సంగతి నేను చూసుకుంటాను. మూడో మనిషిని ఎక్కడ పెట్టను?"

"ఇద్దర్ని ఒకే మైకు ముందు కూర్చోబెట్టు."

"ఆ ఇద్దర్లో ఒకామె గొంతు నువ్వు వినలేదు కాబట్టి అలా అంటున్నావు."

కుబాన్ నిట్టూర్చి బీరువా అడుగు అరలోంచి ఇంకోటి తీశాడు. ఇటుక రాయిలా బరువుంది. ఎనిమిది మైకులు పెట్టుకోవచ్చు. బ్యాండు మొత్తాన్ని రికార్డు చేయొచ్చు. వెనక మాత్రం లావుపాటి కరెంటు తీగ వేలాడుతోంది.

"ఇది గోడకి పెడితేనే నడుస్తుందా?"

"మరి? ఇంత పనికి లాప్‌టాప్ కరెంటు ఎక్కడ సరిపోతుంది?"

"మా ఊళ్ళో చలికాలం కరెంటు చుట్టపుచూపుగా వస్తుంది అన్నా. ఇప్పటికే ఒక పెట్టెని తినేసింది."

అప్పుడు నా చూపు మూల బల్ల మీద పడింది. అక్కడ నలుపో బూడిదో తెలియని రంగులో, ఒక పక్క సొట్టపోయిన పెట్టె ఒకటుంది. ముందు వైపు నాలుగు మైకు రంధ్రాలున్నాయి. దాని గురించి అడిగితే కుబాన్ చెయ్యి విదిలించాడు.

"దాన్ని ముట్టుకోకు. వాడినది. నాలుగు మైకులు, లాప్‌టాప్ కరెంటే చాలు, అంతవరకు నిజమే. కానీ నాలుగింటికీ మంచి స్టూడియో మైకులు పెట్టావంటే ఆ కరెంటు చాలక మధ్యలో గొంతు విరుగుతుంది. పెళ్ళి స్టేజీ మీద చేత్తో పట్టుకునే మామూలు మైకులకైతే బాధ లేదు, వాటికి కరెంటు అక్కర్లేదు. కానీ వాటితో స్టూడియో నడిపితే జనం నవ్వరూ?"

"నవ్వనీ. మా ఊళ్ళో దొరికేవి అవే."

లాప్‌టాప్ బయటికి తీసి దాన్ని తగిలించాను. చార్జరు ముట్టుకోలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మైకు మీట కొద్దికొద్దిగా పైకి తిప్పాను. మా అమ్మ గొంతు బొంగురు, చిన్నది. దాన్ని పైకి లేపాలంటే మీట బాగా తిప్పాలి. తిప్పినప్పుడు కొన్ని పెట్టెలు తమ సొంత చప్పుడు, పొయ్యి మీద కెటిల్ మరగబోయే ముందు చేసే సన్నటి సవ్వడి లాంటిది, పాటలో కలిపేస్తాయి. అలాంటిది నాకొద్దు. అమ్మ ఎలా మాట్లాడుతోందో అలాగే బొంగురుగా, మెల్లగా, "టీ ఇవ్వు" అన్నాను మైకులోకి. మళ్ళీ విన్నాను. టీ ఇవ్వు. అంతే, వెనక ఏ చప్పుడూ లేదు. కుబాన్ సిగరెట్ కాల్చి వచ్చినా నేనింకా అలాగే కూర్చుని టీ అడుగుతూనే ఉన్నాను.

"చెల్లీ, నా మాట విను," అన్నాడు. "నీ పని సాగాలంటే ఎర్రది పట్టుకెళ్ళు. పాడైతే బాగుచేసేవాడు దొరుకుతాడు. దీనికి నేను పూచీ ఉండను. రేపు ఆగిపోతే నన్ను తిట్టకు."

"తిట్టను. కట్టివ్వు."

"ఎవరి మాటా వినవన్నమాట."

"వినడమే నా పని అన్నా. అందుకే ఇది కొంటున్నాను."

నేను ఇంటికి వచ్చేసరికి అందరూ భోజనాల బల్ల చుట్టూ ఉన్నారు. ఉలార్ నా భుజాల వైపు చూశాడు.

"కోటేదక్కా?"

"అమ్మేశాను."

"దేనికి?"

"ఇంటర్‌ఫేస్‌కి."

వాడు రొట్టె తుంచడం ఆపాడు. అనీపా అత్త ఏదీ దాచుకోలేదు కాబట్టి వాడికి అప్పటికే విషయం తెలుసు. పక్కన వాడి భార్య పెరీజాత్ తల వంచుకుని పిల్లవాడికి చారు తాగిస్తోంది.

"పెళ్ళి పాటలు పట్టుకుంటున్నావు, నేనెప్పుడైనా కాదన్నానా?" అన్నాడు ఉలార్. గొంతు పెంచలేదు. "నా మినీబస్సులో నీ పాటలే పెడతాను. నాన్న మీద మాత్రం వద్దక్కా. మీరు పెట్టే ప్రతి కేకా ఆయనకి అక్కడ దెబ్బ. నాకు నిద్ర పట్టడం లేదు. ఒక్కసారి నా గురించి కూడా ఆలోచించండి."

"బతికున్నన్నాళ్ళూ నా నోరు భరించాడు మీ నాన్న," అంది అమ్మ. "ఇంకొక్క పాటకి ఆయనకేం కాదు."

"నవ్వులాట కాదమ్మా!"

"నేను నవ్వానా?"

ఉలార్ నా వైపు తిరిగాడు. "ఈ ఇంట్లో ఆ పాట వినపడితే, నీ సామాను నువ్వు సర్దుకోవాల్సి వస్తుందక్కా. నేను అనాల్సింది అనేశాను."

ఆ మాట నాకు తగిలింది. తగిలిందని వాడికి తెలియనివ్వలేదు. అమ్మ పెరీజాత్ వైపు చెయ్యి చాచి, "రొట్టె ఇటివ్వమ్మా," అంది.

వాడు బిష్కెక్ బండి తీసుకెళ్ళే రోజు చూసుకున్నాం. దాక్కోవడానికి కాదు, వాడి మొహం చూస్తూ పాడటం అమ్మకి ఇష్టం లేక. మా ఊరి పెళ్ళి బ్యాండు వాళ్ళని అడిగి మైకులు తెచ్చాను. ఒక్కోదాని మీద ఎన్ని పెళ్ళిళ్ళ లిప్‌స్టిక్ ఉందో, కొలోన్‌తో తుడవలేక చచ్చాను. బొగ్గు పొయ్యి చిటపటలాడుతుంది కాబట్టి గదిని ముందే వేడెక్కించి నిప్పు ఆర్పేశాను. నేల మీద పరుపులు పరిచాను. ముగ్గురూ నల్లబట్టల్లో వచ్చి బొంతలు కొట్టిన గోడ వైపు తిరిగి కూర్చున్నారు, అమ్మ మధ్యలో. ఒక్కొక్కరి మూతి దగ్గరా ఒక్కో మైకు పెట్టాను. అనీపా అత్త మైకుని జానెడు దూరం జరిపి, మీట దించాను. అమ్మది దగ్గరగా పెట్టి, మీట బాగా తిప్పాను.

"ఇప్పుడు పాడొచ్చా?" అంది అనీపా అత్త. తెర మీద ఆమె గీత ఎగిరి ఎర్రబడింది. ఆమె మీట ఇంకా దించాను.

అమ్మ వెంటనే మొదలుపెట్టలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊగింది. హెడ్‌ఫోన్స్‌లో ఆమె ఊపిరి నాకు వినపడుతోంది. తర్వాత ఎండిన బావిలో చేద తగిలినట్టు గొంతు గీసుకుంటూ పైకొచ్చింది.

"డోలోన్ కనుమ మంచంతా తోసి తోసి అలిసినవాడా,
దారిన పోయే అందరికీ దారి తీసి ఇచ్చినవాడా,
అందరి బళ్ళూ ఇంటికొస్తే ఆఖరున వచ్చేవాడా,
ఈసారి ఆఖరున కూడా రాకపోతివి కదయ్యా…"

'కదయ్యా' దగ్గర ఊపిరి అయిపోయింది. అదే క్షణంలో, సందు లేకుండా, సబీరా పిన్ని అందుకుంది.

"పగిలిన చేతులకి రాయమని పళ్ళెంలో కొవ్వు పెడితే
రొట్టెకి రాసుకు తిన్నవాడా, నవ్వించి పోయినవాడా…"

అత్త అందుకుంది. మళ్ళీ అమ్మ. నేను వాళ్ళ వీపుల వెనక నేల మీద కూర్చుని, తెర మీద మూడు గీతలు ఒకదాని తర్వాత ఒకటి లేచి పడటం చూస్తున్నాను. అమ్మ గొంతు మెల్లమెల్లగా బొంగురు వదులుతోంది. నా పని గీతలు ఎర్రబడకుండా చూసుకోవడం. కళ్ళు తుడుచుకుంటే గీతలు కనపడవని తుడుచుకోలేదు.

ఆ రోజు కనుమ మీద మంచు ముంచేసి దారి మూశారట. ఉలార్ సగం దారి నుంచి వెనక్కి వచ్చేశాడు. వాకిట్లో మినీబస్సు ఆగిన చప్పుడు నాకు వినపడలేదు. ఉన్నట్టుండి దీపం ఆరిపోయింది.

మామూలుగా పోయే కరెంటని మొదట అనుకున్నాను. తర్వాత గోడ అవతల మీటరు పెట్టె తలుపు చప్పుడైంది. మెయిన్ స్విచ్ కట్టేశాడు. కిటికీకి తివాచీ కట్టి ఉండటంతో గది చీకటైపోయింది. మిగిలిన వెలుతురు లాప్‌టాప్‌ది, దాని పక్కన ఆ సొట్ట పెట్టె ముందున్న చిన్న ఆకుపచ్చ దీపానిది. అది ఆరలేదు. తెర మీద గీతలు కదులుతూనే ఉన్నాయి.

"పోయిందా?" అంది సబీరా పిన్ని గుసగుసగా.

"లేదు పిన్నీ. వస్తోంది. పాడండి."

అమ్మ గోడ వైపు నుంచి మొహం తిప్పలేదు. ఆమెకి అర్థమైందని ఆమె వీపు చూసి తెలుసుకున్నాను. ఈసారి బొంగురు లేదు.

"దీపం తీసిన నా కొడకా, చీకటి నాకు కొత్తా?
మీ నాన్న పోయిన ఇంట్లోన పగలుందా నాకు, రాత్రుందా?
నోరు మూసిన నా తండ్రీ, కడుపెలా మూస్తావయ్యా?
నిన్ను కన్న పూట అరిచానే, అప్పుడెవరూ తప్పనలేదే…"

తలుపు తెరుచుకుంది. మంచు వెలుగు లోపలికి పడింది. ఉలార్ టోపీ మీద, కనుబొమల మీద మంచు. ఆగిపోయి ఉండాల్సిన పాట ఆగలేదు. ముగ్గురు ఆడవాళ్ళు వాడికి వీపులు పెట్టి పాడుతూనే ఉన్నారు. వాడి చూపు తీగల వెంట నడిచి నా ముందున్న పెట్టె దగ్గర ఆగింది. రెండడుగులు వేస్తే తీగ లాగేయొచ్చు. నేను చేతులు రెండూ పెట్టె మీద పెట్టి వాడి కళ్ళలోకి చూశాను. చిన్నప్పుడు వాడికి చెప్పులు తొడిగినదాన్ని నేనే.

వాడు కదల్లేదు. వాళ్ళు చివరిదాకా పాడారు. అయ్యాక అమ్మ మెల్లగా ఇటు తిరిగింది.

"తలుపెయ్యి నాన్నా, చలి లోపలికొస్తోంది."

"అక్క రేపటి నుంచి ఈ ఇంట్లో ఉండదు," అన్నాడు ఉలార్.

"సరే," అంది అమ్మ.

అంత తేలిగ్గా సరే అంటుందనుకోలేదు. తెల్లారి నేను తీగలు చుట్టుకుంటుంటే, అమ్మ తన పరుపు మడిచి, పెద్ద దారంతో కట్టి గుమ్మంలో పెట్టింది. దాని మీద తన టీ గిన్నె పెట్టింది.

"ఇదేంటమ్మా?" అన్నాడు ఉలార్.

"దాని సామాను సర్దుకోమన్నావుగా. దాని సామాన్లో నేనూ ఉన్నాను."

చిన్న కొడుకు ఇల్లు వదిలి, మొగుణ్ణి వదిలేసిన కూతురితో అద్దె గదికి వెళ్ళిన తల్లిని నారిన్ అంతకుముందు చూడలేదు. చూసింది. పాత బట్టల మిల్లు వెనక నాలుగంతస్తుల ఇంట్లో మాకు ఒక గది దొరికింది. మెట్ల మీద ఎదురైనవాళ్ళు అమ్మని ఆపి, "పాపం, ఏమైంది కల్బూబూ, కోడలు గెంటేసిందా?" అని అడిగేవారు. "ఎవరూ గెంటలేదు. పాడుకోవడానికి వచ్చాను," అనేది అమ్మ. వాళ్ళు దిగిపోయేవారు.

ఆ పాటని నేను పెద్దగా ఏమీ చేయలేదు. మూడు గొంతుల్నీ సమానం చేశాను. దీపం పోయిన తర్వాతి భాగంలో మీటరు పెట్టె తలుపు చప్పుడు వినపడుతుంది, తలుపు తెరుచుకున్నప్పుడు గాలి వినపడుతుంది. రెండూ తీసేయడం నాకొక పని కాదు. తీయలేదు. అమ్మని అడిగి అత్తకీ పిన్నికీ పంపాను. అనీపా అత్తకి పంపడమంటే ఊరందరికీ పంపడమే. వారం తిరక్కుండా రొట్టెల కొట్టులో నిలబడి ఉంటే పక్కామె ఫోన్‌లోంచి మా అమ్మ గొంతు వినపడింది. ఉలార్ స్నేహితులు కొందరు నన్ను చూసి రోడ్డు దాటి అటు వెళ్ళిపోయేవారు. పెళ్ళి పాటల వాళ్ళలో సగం మంది నా దగ్గరికి రావడం మానేశారు. "నీ మైకుల్లో చావు ఉంది," అన్నాడొక గాయకుడు మొహం మీదే. "నీ గొంతులో లేనిది అదే," అన్నాను. వాడు మళ్ళీ రాలేదు, నేనూ పిలవలేదు. ఆ చలికాలం పాత స్వెట్టర్ల మీద స్వెట్టర్లు తొడుక్కుని, కొట్ల ప్రకటనలతో నెట్టుకొచ్చాను.

మంచు కరిగి దారులు బురదైన రోజుల్లో ఉలార్ మా గది తలుపు కొట్టాడు. ఒక భుజాన పిండి బస్తా, వెంట నాన్న వైపు పెద్దాయన ఒకరు. నాన్న పేరు మీద ఊరందరికీ భోజనాలు పెట్టాలి, ఆష్ అంటాం దాన్ని. ఆడవాళ్ళు నల్లబట్టలు విడిచేది కూడా ఆ రోజే. తల్లి లేకుండా అది జరిపిస్తే కొడుకు తలెత్తుకు తిరగలేడు. చిక్కిపోయాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"గుర్రాన్ని కోస్తున్నాం. గుడారం వేస్తున్నాం. నువ్వు రావాలమ్మా," అన్నాడు.

"వస్తాను."

"గుడారంలో కూర్చో. ప్రార్థన చేయిస్తాం. మళ్ళీ అది మాత్రం…"

"వస్తాను," అంది అమ్మ. "నోరు ఇక్కడ వదిలేసి రాను. అది నాతోపాటే వస్తుంది. ఇష్టమైతే మమ్మల్ని ఇద్దర్నీ పిలువు, లేదంటే ఇద్దర్నీ వదిలెయ్యి."

పెద్దాయన మీసం కింద నవ్వు దాచుకున్నాడు. ఉలార్ అమ్మనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. పిండి బస్తా గుమ్మంలో దించి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఔననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

ఆష్ రోజు వీధి మొదట్లోనే కారు ఆపించింది అమ్మ. ఇంటి ముందు తెల్ల గుడారం కనపడుతోంది. నూనెలో వేయించిన బోర్సోక్ పిండిముక్కల వాసన, కాళ్ళకింద బురద, కంచెకి కట్టిన గుర్రాలు. వాకిలి నిండా టోపీల మగవాళ్ళు. గుడారం పక్కన ఉలార్ నడుంకి పట్టీ కట్టుకుని, చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. పోయినవాడి కొడుకు అలాగే నిలబడాలి. నేను ఆ రోజు పెట్టె తీసుకెళ్ళలేదు. మైకులూ తీసుకెళ్ళలేదు. నా చేతులు ఖాళీగా ఉన్నాయి, వాటినేం చేయాలో తెలియక నల్ల స్వెట్టర్ చేతుల్లోకి లాక్కున్నాను.

అమ్మ కారు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, వీధి మొదట్నుంచే గొంతెత్తింది. ఆమెకి అటు అత్త, ఇటు పిన్ని. నేను వెనక నడుస్తున్నాను. మగవాళ్ళు మాటలాపి ఇటు తిరిగారు. గుంపు నెమ్మదిగా రెండుగా విడిపోయి మధ్యలో దారి ఇచ్చింది. ఒకరిద్దరు ఉలార్ వైపు చూశారు, వాడు ఎదురొచ్చి ఆపుతాడేమోనని.

మా వీధి ఎత్తు. సగం దూరం ఎక్కాక అమ్మకి ఊపిరి ఆగింది. పిన్ని అందుకోవాల్సిన చోట పిన్ని కూడా ఆయాసంతో ఆగిపోయింది, అత్త దగ్గుతోంది. పాట తెగింది. అంతమంది ఉన్న వాకిట్లో ఒక గుర్రం నేలని గీకిన చప్పుడు వినపడింది.

నేను ఎన్నో గొంతులు విన్నదాన్ని. ఏది పలుకుతుందో ఏది పలకదో చెప్పగలను. నా గొంతు ఎలా ఉంటుందో మాత్రం నాకెప్పుడూ తెలీదు. ముందుకెళ్ళి అమ్మ పక్కన, పిన్నిని కాస్త జరిపి, నిలబడ్డాను. నా భుజం అమ్మ భుజానికి తగిలింది.

"మొగుడింట నిలవని కూతుర్ని మాటనక దించుకున్నవాడా,
తలుపు తీసిన నా నాన్నా, తిరిగి మూయని నా నాన్నా…"

సన్నగా, వంకరగా, కీచుగా వచ్చింది. ఎవరైనా స్టూడియోలో అలా పాడితే మళ్ళీ పాడించేదాన్ని. అక్కడ మళ్ళీ లేదు. అమ్మ నా వైపు చూడలేదు. నా మాట అయిపోయే చోటు తెలిసి, అక్కడ అందుకుంది.

ఉలార్ చేతికర్ర మీద నుదురు ఆనించాడు. ఏడ్చాడో లేదో నాకు తెలీదు. తర్వాత చాలామంది చాలా చెప్పారు. ఎదురు మాత్రం రాలేదు. మేం వాడి పక్క నుంచే, వాడి భుజానికి జానెడు దూరంలో పాడుకుంటూ నడిచాం. గుడారం దగ్గర పెరీజాత్ తలుపు మీది ఉన్ని తెరని రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడింది. ఆమె పెదాలు మా మాటల వెంట కదులుతున్నాయి.

గుడారం తలుపు పొట్టిది. లోపలికి వెళ్ళడానికి అమ్మ తల వంచింది. గొంతు దించలేదు.